డామా బావ గురువారం పళ్ళెం

మా డామా బావకి ముక్కు మీద కోపం అంటే నేను ఒప్పుకోను. ముక్కు మీదుంటే ఒక తుమ్ముతో పోయేది. ఆయన కోపం ఎముకల్లో ఉంది. సొంత చెల్లెలి హోటల్ గడప ఇరవై ఒక్క ఏళ్ళు తొక్కకుండా, ఆ హోటల్ తిండే వారం వారం తిన్న మగాణ్ణి ఈ చుట్టుపక్కల ఇంకొకణ్ణి చూపించండి, నా చెవులు కోయించుకుంటాను. వండేది చెల్లెలు. తినేది అన్న. మధ్యలో పళ్ళెం మోసిన దాన్ని నేను.

నా పేరు వెర్లీ. హోటల్ నడిపే ఎల్రిడా మా అన్నయ్య లాస్టీ భార్య, అంటే నాకు వదిన. వదిన అన్నగారు డామా ఆ వరసన నాకు బావ. మా అన్నయ్య పోయి ఎనిమిదేళ్ళయింది. మంచివాడు, మాట తక్కువ, పంది కొవ్వు ముక్కల్ని ఇనప మూకుడులో వేయించి గలగలలాడే గ్రాతోన్లు తీయడంలో ఆయన్ని మించిన వాడు లేడు. ఈ అన్నాచెల్లెళ్ళ గొడవలో ఆయన ఎప్పుడూ వేలు పెట్టలేదు. ఆ తెలివి నాకు లేకపోయింది.

హోటల్ అంటే ఏదో ఊహించుకోకండి. యూనిస్ పట్నం దాటి ఉత్తరంగా వస్తే ఆన్స్ వెర్త్ అని మా ఊరు. ఊరి చివర పెకాన్ చెట్ల కింద రేకుల కప్పుతో ఒక చెక్క ఇల్లు. పాత గాదె విప్పి ఆ చెక్కలతోనే కట్టాడు మా అన్నయ్య. తొమ్మిది బల్లలు, వాటి మీద గళ్ళ రెక్సిన్ గుడ్డ, బల్లకో కారం సీసా. తలుపు జాలీ తలుపు. దానికి గడియ లేదు, స్ప్రింగు మాత్రం ఉంది, వచ్చిన వాడి వీపు మీద ఒక్కటిచ్చి గానీ లోపలికి పంపదు. పంది తప్ప ఇంకో మాంసం ఆ వంటింట్లోకి రాదు. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన కోడి ఉందా అని అడిగితే వదిన కిటికీలోంచి చెయ్యి చాపి పెరట్లో తిరుగుతున్న కోడిని చూపించింది. "ఉంది. దానికి గుడ్లు పెట్టే పని అప్పజెప్పాను. మీరేం తింటారు?" అంది.

వారానికి మూడు రోజులే తెరుస్తాం. శనివారం బూడాన్ రోజు. అన్నం, కాలేయం, ఉల్లికాడలు కలిపి పేగులో కూరి ఉడికించినది బూడాన్. అది ఇంటికి చేరదు. కొన్నవాడు కొన్నచోటే ట్రక్కు బానెట్ మీద పెట్టుకుని, ఒక కొస పళ్ళతో పట్టి పిండుకుని తినేస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చేవాళ్ళకి, పంది పొట్టలో కైమా కూరి ఎర్రగా కాల్చినది. గురువారం వెన్నుపూస కూర. పిండిని నూనెలో కాఫీ రంగు వచ్చేదాకా వేయించి, అందులో ఉల్లి, మిరప, వెన్నుపూస ముక్కలు పడేసి మూడు గంటలు సన్నసెగ మీద వదిలేస్తే, ఎముకలోంచి మాంసం దానంతటదే ఊడొస్తుంది. అన్నం మీద పోసుకుని తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఎముక పీల్చే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. శుక్రవారం మేం మాంసం ముట్టం కాబట్టి మూత. అది దేవుడికీ పందికీ పడని రోజు.

గురువారం పదకొండుంపావు అయ్యేసరికి డామా బావ ఆకుపచ్చ ట్రక్కు వచ్చి కిటికీకి ఎదురుగా ఆగుతుంది. ఇంజను ఆపుతాడు. అద్దం దించుతాడు. దిగడు.

"ఏమే మరదలా! కాళ్ళకి మేకులు కొట్టుకున్నావా?" అని కేక.

ఆ కేక పక్కూళ్ళో కూడా వినిపిస్తుంది. బావ నలభై ఏళ్ళు వరిచేలకి నీళ్ళు తోడే పెద్ద పంపు ఇంజను పక్కనే బతికాడు. సగం జిల్లా వరి ఆయన చేతి మీదుగా పండింది. ఇంజను పక్కన మంచం వేసుకుని హాయిగా గురకపెట్టేవాడు, ఇంజను ఆగిపోతే మాత్రం ఉలిక్కిపడి లేచేవాడు. ఆ చప్పుడుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. తను గుసగుసలాడుతున్నానని ఆయన అనుకునేది మిగతా వాళ్ళకి అరుపు.

నేను పళ్ళెం పట్టుకెళ్తాను. అన్నం, వెన్నుపూస కూర, కాల్చిన చిలగడదుంప, పక్కన ఒక బ్రెడ్డు ముక్క. బావ పళ్ళేన్ని స్టీరింగు మీద ఆనించుకుని తింటాడు. తిన్నాక ఎప్పుడూ ఒక విమర్శ ఉంటుంది.

"ఉప్పు తగ్గిందని చెప్పు మీ వదినకి."

నేను చెప్పక్కర్లేదు, లోపల తొమ్మిది బల్లల వాళ్ళూ విన్నారు. వదినా విన్నది. అయినా నేను లోపలికి వెళ్ళి, "వదినా, ఉప్పు తగ్గిందట" అనాలి. అది పద్ధతి.

"ఉప్పు సరిగ్గానే ఉంది, మీ బావ నాలుక మొద్దుబారిందని చెప్పు" అంటుంది వదిన, కూర కలుపుతూ.

నేను మళ్ళీ బయటికి. "బావా, నాలుక మొద్దుబారిందట."

"ఎవరికి? తనకేగా? అందుకే ఉప్పు తెలీట్లేదు!"

మళ్ళీ లోపలికి. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. ఆ జాలీ తలుపు నా వీపు మీద కొట్టిన దెబ్బలకి లెక్కుంటే, పోయాక నన్ను తిన్నగా స్వర్గానికే పంపాలి. ఒక్కటి మాత్రం గమనించాను. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క గురువారం కూడా బావ పళ్ళెంలో చిన్న ముక్క పడలేదు. కుండలో ఉన్న వాటిల్లో కండ బాగా పట్టిన ముక్కల్ని ముందే తీసి వేరే గిన్నెలో పెట్టేది వదిన. ఎవరికని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇంతకీ గొడవేమిటంటే, పంది కాళ్ళు. నవ్వకండి. మా వైపు అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతారు. పంది వంతు దగ్గర తేడా వస్తే కలవరు.

అప్పట్లో ఊళ్ళో ఎనిమిది ఇళ్ళ వాళ్ళం కలిసి శనివారం శనివారం పందిని కోసేవాళ్ళం. ఈ వారం మీ పంది, వచ్చే వారం మా పంది. కోసిన దాన్ని ఎనిమిది వంతులు చేసేవాళ్ళు. ఒకరికి తొడ, ఒకరికి పక్కటెముకలు, ఒకరికి వెన్నుపూస, ఒకరికి తల, ఒకరికి కాళ్ళు, అలా. వంతులు వారం వారం ఒక ఇల్లు జరుగుతాయి. ఈ వారం కాళ్ళు వచ్చిన ఇంటికి వచ్చే వారం వెన్నుపూస. ఎవరికీ అన్యాయం లేదు. ఏదైనా కారణంతో ఒక శనివారం పందిని కొయ్యకపోతే వంతులు జరగవు, ఎక్కడివక్కడే ఆగుతాయి. ఇవన్నీ కాగితం మీద రాసుకునేవి కావు, అందరి బుర్రల్లో ఉండేవి. పంపుల దగ్గర నీళ్ళ వంతులు చూసే డామా బావ బుర్రలో అందరికంటే భద్రంగా ఉండేవి. ఎవరికి అనుమానం వచ్చినా ఆయన్నే అడిగేవాళ్ళు.

ఆ ఏడు అక్టోబరులో బావ భార్య ఒలీట్ పోయింది. మంగళవారం జ్వరం, గురువారానికి మనిషి లేదు, శనివారం పూడ్చాం. గుప్పెడు మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. బావ అరుస్తుంటే ఆయన చెవిటి చెవి వైపు వెళ్ళి నిలబడి ఏదో అనేది, ఏమందో వినపడక బావ అరవడం ఆపేసేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకళ్ళకొకళ్ళే.

తర్వాతి శనివారం పంది మా వదిన వాళ్ళ ఇంటి దగ్గర కోశారు. బావ వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి. వదిన ఆయన చేతిలో గుడ్డలో చుట్టిన నాలుగు కాళ్ళు పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడు.

"నీ వంతు అన్నయ్యా. ఈ వారం కాళ్ళు."

"కాళ్ళు పోయిన వారం. ఈ వారం వెన్నుపూస నాది."

"కాదన్నయ్యా, వెన్నుపూస వచ్చే వారం."

"నాకు చెప్తావా వంతుల సంగతి? నాకా?"

చుట్టూ ఏడిళ్ళ వాళ్ళం ఉన్నాం. బావ తప్పని మా అందరికీ తెలుసు. ఒలీట్‌ని పూడ్చిన శనివారం ఊళ్ళో ఎవరూ కత్తి పట్టలేదు, పంది కొయ్యలేదు, వంతులు ఆగిపోయాయి. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. వారం గడిచింది కాబట్టి వంతు జరిగిందనుకున్నాడు. అయితే ఎవడు చెప్తాడండీ? "మీ ఆవిడ పోయిందిగా, అందుకని నీ వంతు వెనకబడింది" అని ఆ మొహం చూసి అనగలిగే నోరు ఎవరికుంది? అందరం నేలచూపులు చూశాం. నేనూ చూశాను.

బావ ఆ మూట మెట్టు మీద పెట్టేశాడు. "సొంత అన్నకి వంతు ఎగ్గొట్టిన ఇంట్లో నేను అడుగుపెట్టను. ఈ జన్మలో నీ గడప తొక్కితే నా పేరు డామా విద్రీన్ కాదు!" అన్నాడు. వెళ్ళిపోయాడు.

తర్వాత చెప్పొచ్చుగా అంటారు. మొదటి నెల చెప్పడానికి నోరు రాలేదు. ఆరు నెలలయ్యాక ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటాడేమోనని భయమేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది. ఇంట్లో కుంటి కుర్చీ ఉంటే బాగుచెయ్యకుండా జాగ్రత్తగా కూర్చోవడం నేర్చుకుంటాం చూశారా, అలాగన్నమాట. మరుసటి వసంతంలో వదిన హోటల్ తెరిచింది. తెరిచిన మొదటి గురువారమే వెన్నుపూస వండింది. ఆకుపచ్చ ట్రక్కు వచ్చి చెట్టు కింద ఆగింది. వండుకోవడం రాని మగాడు, ఆరు నెలలుగా బ్రెడ్డూ డబ్బా చేపలూ తింటున్నాడు, వాసన పట్టి వచ్చాడు. వదిన కిటికీలోంచి చూసింది. "వెర్లీ, బయట ఎవరో ఆకలితో ఉన్నారు, పట్టుకెళ్ళు" అంది. అప్పుడు మొదలైంది నా చాకిరీ.

ఇక మొన్న నవంబరు మాట. సకల పునీతుల పండుగకి మేమంతా సమాధులకి సున్నం వేస్తాం. బావ ఒలీట్ సమాధికి సున్నం వేసి, మర్నాటి గురువారం వచ్చి, పళ్ళెం అందుకోకుండా నా మొహంలోకి చూశాడు.

"మరదలా, ఒక మాటడుగుతా, నిజం చెప్పాలి" అన్నాడు. ఆయన లెక్కన అది గుసగుసే. నేను గబగబా ట్రక్కులో ఎక్కి రెండు అద్దాలూ ఎత్తేశాను.

"అడుగు బావా."

"నిన్న ఒలీట్ రాయి మీద తారీకు చూస్తూ కూర్చున్నా. శనివారం పూడ్చాం. ఆ శనివారం పందిని ఎవరింట్లో కోశారు?"

ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అడిగాడు.

"ఎవరూ కొయ్యలేదు బావా. ఊరంతా ఒలీట్ దగ్గరే ఉంది."

బావ స్టీరింగు మీద వేలితో వారాలు లెక్కపెట్టుకున్నాడు. "అయితే కాళ్ళే నా వంతు" అన్నాడు చివరికి.

"అవును."

"ఇరవై ఏళ్ళుగా నేను గాడిదననేగా?"

"ఇరవై ఒకటి."

"మీ వదినకి చెప్పకు. నేనే చెప్పుకుంటా. వచ్చే గురువారం దిగి లోపలికొస్తా."

వచ్చే గురువారం వచ్చింది. దిగలేదు. ఆపై గురువారం తలుపు పిడి మీద చెయ్యి వేశాడు, తీశాడు, మోకాలు నొప్పన్నాడు. క్రిస్మస్ వారం వానన్నాడు, చూస్తే చుక్క లేదు. ఉప్పు గురించి మాట్లాడటం మానేశాడు. అది చూసి లోపల వదినకి దిగులు పట్టుకుంది. "ఏమైందే మీ బావకి? నాలుగు వారాలుగా తిట్టడం లేదు. ఒంట్లో బాగానే ఉందా?" అని నన్ను పీక్కుతినేది. బావ చెప్పొద్దన్నాడు కనక నేను చెప్పలేను. కడుపులో మాట దాచుకోవడం నా వల్లయ్యే పని కాదు. ఆ మూడు నెలల్లో నేను చిక్కిపోయాను, నా గౌనులే సాక్ష్యం.

ఫిబ్రవరి మొదట్లో వదిన గరిట కింద పెట్టి, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది: "ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారానికి ముందు గురువారం ఆఖరు. తర్వాత హోటల్ మూసేస్తాను. డెబ్భై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఎలాగూ ఆ నలభై రోజులూ పందికి గిరాకీ ఉండదు."

నేను ఏప్రను విప్పకుండానే ట్రక్కు దగ్గరికి పరిగెత్తాను.

"విన్నావా బావా? మూసేస్తోందిట. ఇక పళ్ళెం లేదు, నేను మొయ్యను, నువ్వు రావు. ఆవిడ ఇంటి గడపా తొక్కనని ఒట్టేశావు, ఈ హోటల్ గడపా తొక్కవు. ఉన్నది ఈ ఒక్క గురువారమే మీ ఇద్దరికీ. అది పోతే నీ చెల్లెల్ని మళ్ళీ చూసేది శవపేటికలోనే. ఎవరు ముందు పోతారో నాకు తెలీదు గానీ."

"అరవకే, వింటారు" అన్నాడు, లోకమంతా వినేలా.

"చెప్తావా చెప్పవా?"

"చెప్తా. ఆఖరి రోజు చెప్తా."

ఆఖరి గురువారం బల్లలన్నీ నిండిపోయాయి. గోడల పక్కన నిలబడి తింటున్నారు జనం. ఆ ఎనిమిది ఇళ్ళ పెద్దల్లో బావా వదినా కాక బతికున్నది ముసలి క్లోవిస్ ఒక్కడే, ఎనభై ఆరేళ్ళు, పొయ్యి పక్క బల్ల ఆయనది. పదకొండుంపావుకి ట్రక్కు వచ్చింది. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. టై కట్టుకున్నాడు. పెళ్ళి టై అనుకుంటాను, అంచులు చిమ్మెటలు కొట్టేసి ఉన్నాయి. నేను గబగబా వెళ్ళాను.

"దిగు బావా."

ఆయన ముందు అద్దంలోంచి జాలీ తలుపు వైపు చూశాడు. పెదవులు ఆడాయి. "పళ్ళెం పట్రా" అన్నాడు.

ఇక నాకు వచ్చింది చూడండి కోపం! ఈ ఇంట్లో కోపం వాళ్ళిద్దరి సొత్తే అనుకున్నారా? గిర్రున తిరిగి లోపలికొచ్చాను. వంటింటి కిటికీ చెక్క మీద పళ్ళెం సిద్ధంగా ఉంది, కండ పట్టిన నాలుగు ముక్కలు, పైన ఉల్లికాడల తురుము.

"పట్టుకెళ్ళు, చల్లారుతుంది" అంది వదిన.

"పట్టుకెళ్ళను."

"ఏమొచ్చిందే నీకు?"

"వయసొచ్చింది. అరవై నాలుగు. ఇరవై ఒక్క ఏళ్ళు మోశాను, ఇక నేను మొయ్యను. ఆయనకి కాళ్ళున్నాయి, నీకూ కాళ్ళున్నాయి. మీరూ మీరూ చూసుకోండి." ఏప్రను విప్పి మేకుకి తగిలించాను. క్లోవిస్ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నాకూ ఒక పళ్ళెం పెట్టండి, నేనూ గిరాకీనే" అన్నాను.

వదిన మొహం ఎర్రబడింది. పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది, లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. పళ్ళెం అక్కడే ఉంది. కూర మీద కొవ్వు పేరుకోవడం మొదలైంది.

"ఎవరికీ అక్కర్లేకపోతే ఆ పళ్ళెం ఇలా జరపండి" అన్నాడు క్లోవిస్.

"చెయ్యి వేశావంటే విరుస్తా తాతా" అన్నాను.

పది నిమిషాలు. పావుగంట. బయట హారను మోగింది. ఇన్నేళ్ళలో బావ ఎప్పుడూ హారను కొట్టలేదు. అందరూ నన్ను చూశారు. నేను కారం సీసా మీద అక్షరాలు చదువుకుంటున్నాను. ఇంకోసారి మోగింది, ఈసారి పొడుగ్గా. వంటింట్లో గిన్నె ధన్‌మని పడింది. లేచి వెళ్ళిపోదామా అని నాకే అనిపించింది. అలవాటు చెడ్డది కదా, కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. బల్ల కోడు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ట్రక్కు తలుపు చప్పుడైంది.

కిటికీ దగ్గరున్న వాళ్ళు నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకున్నారు. బావ దిగాడు. వరండా మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. జాలీ తలుపు అవతల ఆగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎల్రిడా!" అన్నాడు. గుసగుసగా అన్నాననుకున్నాడు పాపం. పైన రేకులు అదిరాయి.

వదిన చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరికీ మధ్య తొమ్మిది బల్లలూ, ఊరి జనమూ, ఒక జాలీ.

"ఆ శనివారం మీరెవరూ పందిని కొయ్యలేదట" అన్నాడు బావ.

"లేదు."

"ఒలీట్‌ని పూడ్చిన శనివారం."

"ఊఁ."

"నాకు తట్టలేదు. ఆ వారం నాకేదీ తట్టలేదు. ఊరందరి వంతులూ లెక్క చెప్పేవాణ్ణి, నా వంతు నేనే తప్పాను. తప్పు నాదే. జనం ముందు నిన్ను దొంగన్నాను. జనం ముందే చెప్తున్నా, కాళ్ళే నా వంతు."

"నాకు తెలుసన్నయ్యా" అంది వదిన.

బావ మెడ ముందుకి చాచాడు, సరిగ్గా వినపడలేదేమోనని. "ఏమన్నావ్?"

"తెలుసన్నా!" అని అరిచింది వదిన. "ఆ రోజే తెలుసు!"

"తెలిసీ ఇరవై ఒక్క ఏళ్ళు నోరు మూసుకున్నావా? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

వదిన బల్లల మధ్యగా నడిచి వచ్చింది. జాలీకి ఇవతల నిలబడింది. ఆయన వినాలని గట్టిగానే మాట్లాడింది.

"ఒలీట్ పోయిన దగ్గర్నుంచీ నువ్వు నోరు విప్పలేదన్నయ్యా. నేను తెచ్చిన అన్నం ముట్టలేదు. ఇంజను ఆగితే కూడా లేవలేదని పంపు దగ్గరవాళ్ళు వచ్చి చెప్పారు. ఇక మనిషి దక్కడనుకున్నాను. ఆ రోజు మెట్ల మీద నిలబడి నా మీద అరిచావు చూడూ, అప్పుడు నీ మొహంలోకి నెత్తురొచ్చింది. పోనీలే, నా మీద కోపంతోనైనా బతుకుతాడనుకున్నాను. అది కూడా లాక్కుంటే నీ దగ్గర ఇంకేం మిగిలేది?"

బావ టోపీని గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు. క్లోవిస్ తాత ముక్కు చీదాడు. నాకు ఎదురుగా ఏమీ కనిపించడం లేదు, అన్నీ నీళ్ళే. ఈవిడ ఇన్నాళ్ళూ ఆయన తిట్లు విని, నాలుగు వారాలు తిట్టకపోతే దిగులుపడింది ఇందుకా! నేనేమో ఇద్దరూ మొండివాళ్ళని ఇద్దర్నీ సమానంగా తిట్టుకుంటూ తిరిగాను. సిగ్గేసింది నాకు.

"వస్తావా, అక్కడే నిలబడతావా? ఈగలొస్తున్నాయి" అంది వదిన.

బావ లోపలికొచ్చాడు. స్ప్రింగు తలుపు ఆయన వీపు మీద ఫెడీమని కొట్టింది. "ఓరి దీని...!" అని ఎగిరిపడ్డాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఎవరో కుర్చీ జరిపారు, వదిన చల్లారిన కూర తీసేసి వేడి కూర పోసింది, బావ కూర్చుని తిన్నాడు. బల్ల మీద పళ్ళెం పెట్టుకుని తినడం మర్చిపోయాడేమో, ఎడమ చెయ్యి స్టీరింగు కోసం వెతికింది.

తిని, బ్రెడ్డుతో పళ్ళెం తుడిచి, తలెత్తాడు. వదిన ఎదురుగా నిలబడి ఉంది.

"ఉప్పు?" అంది.

"సరిపోయింది" అన్నాడు. పళ్ళెం పక్కకి జరిపి, "వచ్చే గురువారం నువ్వెక్కడ తింటావ్?" అన్నాడు.

"ఇంట్లో. ఏం?"

"ఎవరు వండుతారు?"

"ఎవరేంటి, నేనే."

"వద్దు. మా ఇంటికి రా. నేను వండుతా."

వదిన తెల్లబోయింది. ముప్ఫై మంది పళ్ళాలు నింపడమే గానీ ఆవిడ పళ్ళెంలో ఒకరు వడ్డించగా నేను ఏనాడూ చూడలేదు. మా అన్నయ్య కూడా గ్రాతోన్లు వేయించి ఊరందరికీ పెట్టాడు గానీ పెళ్ళానికి పెట్టలేదు.

"నీకు వంటొచ్చా?" అంది.

"రాదు."

"మరేం పెడతావ్?"

"ఏదో ఒకటి మాడ్చి పెడతా. నువ్వు తిట్టుకుంటూ తిను. ఇరవై ఒక్క ఏళ్ళు తిట్టాను, ఇప్పుడు నీ వంతు."

వదిన అక్కడే, జనం మధ్యలో, ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బావ లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఎంత గట్టిగా వెయ్యాలో తెలియనట్టు వేశాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని, "పొద్దున్నే వస్తా. అన్నం మాడకుండా నేను చూసుకోవాలిగా" అంది.

"పెందలాడే రా, కాఫీ కలుపుతా."

"కాఫీ కూడా నేనే కలుపుతాలే."

ఇంత జరిగాక నేనూ మనిషినే కదా. కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కున్నాను. "సరే అయితే, గురువారం నేనూ వస్తాను. ఎన్నింటికి?" అన్నాను.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"మధ్యలో నువ్వెందుకే?" అన్నారు, ఇద్దరూ ఒక్క గొంతుతో.

చూశారా లోకం తీరు? నాకు కోపం రావాలి. నవ్వూ ఏడుపూ కలిసి ఒకేసారి వచ్చాయి.